కొరియా కుండలు: ఒక వెల్డింగ్ ఇంజనీరు కబుర్లు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

ముందు వరుసల్లో ఉన్న అన్నలకు, అక్కలకు, వెనక నిలబడి కబుర్లు చెప్పుకుంటున్న మా 1986 బ్యాచ్ వాళ్ళకు కూడా నమస్కారం. మీరు అప్పుడూ వెనకే నిలబడేవారు, ఇప్పుడూ అక్కడే ఉన్నారు.

కమిటీ వాళ్ళు ఫోన్ చేసి, "పదేళ్ళకు పైగా కొరియాలో ఉన్నావు కదా, ఓడలు ఎలా కడతారో చెప్పు, పిల్లలకు బాగుంటుంది" అన్నారు. సరేనన్నాను. తీరా కాగితం ముందు కూర్చుంటే ఓడల గురించి అర పేజీ కూడా కదల్లేదు. కుండల గురించి మాత్రం పదహారు పేజీలు వచ్చాయి. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. బెల్లు డ్రిల్లు మాస్టారి చేతిలో ఉంది. అందుకని వీలైనంత సూటిగా చెబుతాను.

కుండలే ఎందుకో తెలియాలంటే ముందు మన బడిలో జరిగిన ఒక సంగతి చెప్పాలి. 1984లో మేం తొమ్మిదో తరగతి. వైజ్ఞానిక ప్రదర్శన పెట్టారు. నేను థర్మోకోల్‌తో డ్యామ్ కట్టి, బ్యాటరీ కనిపించకుండా దాచి, చిన్న బల్బు వెలిగించాను. అంతా గైడులో చూసి చేసిందే. నా పక్క బల్ల మీద మా క్లాసువాడే, కుమ్మరి వీధి నుంచి వచ్చే నా మిత్రుడు, రెండు చిన్న కుండలు పెట్టాడు. ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ముందు అట్టముక్క మీద "రెండూ ఒకే మట్టి" అని రాసి పెట్టాడు. అంతే. తన పేరు చెప్పొద్దని వాడు నిన్న రాత్రే నా దగ్గర మాట తీసుకున్నాడు, కాబట్టి చెప్పను.

బయటి ఊరి నుంచి న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దమనిషి నల్ల కుండ చేతిలోకి తీసుకుని "రంగు వేశావా?" అని అడిగారు. "లేదండీ, ఆవంలో గాలి ఆపేస్తే నల్లబడుతుందండీ" అన్నాడు వీడు. "ఎందుకు నల్లబడుతుంది?" అని మళ్ళీ అడిగారు. వీడు తల దించుకున్నాడు. "మా నాయన అలాగే చేస్తాడండీ" అన్నాడు. అందరం నవ్వాం. నేను కాస్త గట్టిగానే నవ్వాను. నా బల్బు వెలిగింది. నాకు మొదటి బహుమతిగా స్టీలు గ్లాసు వచ్చింది. వాడికి ఏమీ రాలేదు.

ఆ "ఎందుకు"కు జవాబు నాకు పాతికేళ్ళ తర్వాత, 2009లో, సియోల్‌లో దొరికింది.

అప్పటికి నేను ఉల్సాన్‌కు వెళ్ళి ఏడాది. కొరియా ఆగ్నేయ తీరంలో ఓడలూ కార్లూ తయారయ్యే ఊరది. నా పని వెల్డింగ్ తనిఖీ. రెండు ఇనప పలకల్ని కలిపిన చోట అతుకును ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్ము మీద చిన్న నల్ల చుక్క కనిపిస్తే లోపల గాలి బుడగ చిక్కుకుందని అర్థం. దాన్ని మేం పోరాసిటీ అంటాం. రెండు పలకల అంచులు సమంగా కలవకపోతే అదొక తప్పు. తప్పులు పట్టుకోవడమే నా జీతం. ఇంట్లో కూడా అదే పని చేస్తానని మా ఆవిడ అంటుంది.

ఒక సెలవు రోజున తోటి ఉద్యోగి ఒకాయన నన్ను సియోల్‌లోని జాతీయ మ్యూజియానికి తీసుకెళ్ళాడు. మూడో అంతస్తులో పింగాణీ, మట్టి పాత్రల గదులున్నాయి. అక్కడ ఒక అద్దాల పెట్టెలో ఆకుపచ్చ ధూపపాత్ర ఉంది. పైన గుండ్రని జాలీ బంతి, కింద తామర రేకులు. మొత్తాన్నీ అడుగున మూడు బుల్లి కుందేళ్ళు వీపుల మీద మోస్తున్నాయి. 12వ శతాబ్దపు పని. ఆ ఆకుపచ్చ ఎలాంటిదని అడిగితే నా దగ్గర సరైన మాట లేదు. వాన వెలిసిన తర్వాత చెరువు మీద ఆకాశం పడ్డప్పుడు నీళ్ళు ఒక రంగులోకి వస్తాయే, దానికి దగ్గర. "ఏ రాయి నూరి వేశారు ఈ రంగు?" అన్నాను. ఆయన నవ్వి, "రంగు కాదు. ఇనుము. గాలి ఆపేస్తే ఇలా వస్తుంది" అన్నాడు.

గాలి ఆపేస్తే. ఆ మాట నా చెవిన పడగానే నాకు మన హాలు, ఆ బల్ల, ఆ అట్టముక్క కళ్ళముందుకొచ్చాయి.

సంగతేమిటంటే, మట్టిలో ఇనుము ఉంటుంది. కాల్చేటప్పుడు గాలి బాగా ఆడితే ఆ ఇనుము ఆక్సిజన్‌ను నిండుగా పట్టుకుని ఎర్రబడుతుంది. మన ఇటుకా, మన కుండా ఎర్రగా ఉండేది అందుకే. అదే బట్టీలో కట్టెలు దట్టంగా కూరి గాలి కన్నాలు మూసేస్తే మంటకు ఆక్సిజన్ చాలదు. అప్పుడది మట్టిలో ఇనుము పట్టుకున్న ఆక్సిజన్‌ను లాక్కుంటుంది. మన నల్ల కుండలో ఇలా మారిన ఇనుముతో పాటు పొగలోని మసి కూడా మట్టిలోకి ఇంకుతుంది. కొరియా వాళ్ళు ఇదే పనిని 1200 డిగ్రీల దగ్గర, పైన గాజులా కరిగే పూత వేసి చేశారు. ఆ పూతలో ఇనుము నూటికి ఒకటి నుంచి మూడు పాళ్ళు ఉంటుంది. గాలి సరిగ్గా ఆపితే ఆకుపచ్చ వస్తుంది. కాస్త గాలి చొరబడిందా, అదే పూత పసుపో గోధుమ రంగో అయి కూర్చుంటుంది. థర్మామీటరు లేని రోజుల్లో మంట రంగు చూసి ఇదంతా చేసేవారు. మా ఫ్యాక్టరీ ఫర్నేసుకు ఇద్దరు ఆపరేటర్లు, నాలుగు స్క్రీన్లు ఉండేవి. అయినా నెలకోసారి గొడవే.

ఈ ఆకుపచ్చ పాత్రల్ని ఇంగ్లీషువాళ్ళు సెలడాన్ అంటారు, కొరియా వాళ్ళు చోంగ్జా అంటారు. గొర్యో రాజవంశం కాలంలో, అంటే 918 నుంచి 1392 దాకా, ఇది వాళ్ళ గొప్ప పని. కొరియా అనే పేరు కూడా ఆ గొర్యో నుంచి వచ్చిందే. విద్య చైనా నుంచి నేర్చుకున్నారు, అందులో దాపరికం లేదు. కానీ 1123లో చైనా సాంగ్ చక్రవర్తి రాయబారుల బృందంతో వచ్చిన షు జింగ్ అనే అధికారి తను చూసినవన్నీ పుస్తకంగా రాస్తూ, ఇక్కడివాళ్ళు తమ పాత్రల ఆకుపచ్చకు ప్రత్యేకంగా ఒక పేరు పెట్టుకున్నారని మెచ్చుకున్నాడు. ఆ పేరు "బిసేక్". అంటే లకుముకి పిట్ట రెక్క రంగు. సాంగ్ కాలపు మరో చైనా పుస్తకం లోకంలో మేలైన వస్తువుల జాబితా వేస్తూ సెలడాన్ రంగు దగ్గరకొచ్చేసరికి సొంత దేశపు పాత్రల్ని పక్కనపెట్టి గొర్యో పేరు రాసింది. గురువు చేత అనిపించుకోవడమంటే ఇదే. ఈ మాట ఈ సభలో చెబితే కొందరు శిష్యులకు రోషం వస్తుందేమో తెలియదు.

ఇక్కడితో ఆగలేదు వాళ్ళు. పచ్చి పాత్ర మీద బొమ్మ గాడి చెక్కి, గాడిలో తెల్ల మట్టీ, ఇనుము ఎక్కువున్న ఎర్ర మట్టీ నింపి, పైన గీకి నునుపు చేసేవారు. కాలిన తర్వాత తెల్లది తెల్లగా, ఎర్రది నల్లగా, చుట్టూ ఆకుపచ్చగా కనిపిస్తుంది. దీన్ని సాంగమ్ అంటారు. మన బిద్రీ పనిలో వెండి పొదిగినట్టు మట్టిలో మట్టి పొదగడం. వినడానికి తేలికే. మట్టి ఆరేటప్పుడూ కాలేటప్పుడూ కుంచించుకుపోతుంది. మూడు రకాల మట్టి మూడు రకాలుగా కుంచించుకుంటే పొదిగింది ఊడి రాలిపోతుంది, లేదా పాత్రే చీలుతుంది. మూడింటినీ ఒకే దారికి తేవడంలోనే పనితనమంతా ఉంది. రెండు రకాల ఉక్కును కలిపి వెల్డు చేసేటప్పుడు మేం పడే బాధ సరిగ్గా ఇదే. సియోల్‌లో కాన్సాంగ్ మ్యూజియంలో మేఘాల మధ్య కొంగలు ఎగిరే పొడుగాటి జాడీ ఒకటి ఉంది. జపాన్ పాలన రోజుల్లో, 1935లో, జోన్ హ్యోంగ్-పిల్ అనే కొరియా ధనవంతుడు అది దేశం దాటిపోకుండా పెద్ద సొమ్ము పోసి కొని నిలబెట్టాడు.

ఈ పాత్రల ముఖ్యమైన బట్టీలు దేశం నైరుతి మూల గాంగ్‌జిన్‌లో, బువాన్‌లో ఉండేవి. రాజధాని ఉత్తరాన. సరుకు పడవల్లో వెళ్ళేది. 2007లో తేయాన్ తీరంలో ఒక జాలరి వలలో చిన్న ఆక్టోపస్ పడింది. అది తన గూటికి తలుపులా ఒక ఆకుపచ్చ పళ్ళేన్ని పట్టుకుని ఉంది. ఆయన ఆ పళ్ళేన్ని అధికారులకు అప్పగించాడు. వాళ్ళు దిగి చూస్తే 12వ శతాబ్దంలో మునిగిన పడవ, అందులో పేర్చినవి పేర్చినట్టే 20,000కు పైగా సెలడాన్ పాత్రలు. వాటితోపాటు సరుకు ఎక్కడిది, ఎవరికి పంపుతున్నారో రాసిన చెక్క చీటీలు కూడా దొరికాయి. తొమ్మిది వందల ఏళ్ళ నాటి వే బిల్లులు! మా స్టోర్స్ డిపార్టుమెంటు పోయిన ఏడాది వే బిల్లులే చూపించలేకపోయేది.

ఇంతకు ముందు కాలాన్ని రెండు మాటల్లో దాటేస్తాను. సియోల్‌లో హాన్ నది ఒడ్డున అమ్సా-దోంగ్ అనే చోట ఆరువేల ఏళ్ళ నాటి మట్టి పాత్రలు దొరికాయి. ఒంటినిండా దువ్వెనతో గీసినట్టు గీతలు, అడుగు మొనదేలి ఉంటుంది. ఇసకలో గుచ్చి నిలబెట్టేవారు. తర్వాత సిల్లా, గాయా రాజ్యాల కాలంలో కొండవాలు మీద సొరంగంలా బట్టీ కట్టడం వచ్చింది. కింద మంట పెడితే వేడి తనంతట తనే పైకి పాకుతుంది, బట్టీయే పొగగొట్టంలా పనిచేస్తుంది. దాంతో 1000 డిగ్రీలు దాటగలిగారు. తడితే ఖంగుమనే బూడిద రంగు పాత్రలు అప్పటివి. ఆ బట్టీ లేకపోతే తర్వాతి ఆకుపచ్చ లేదు.

13వ శతాబ్దంలో మంగోలులు వచ్చి పడ్డారు. గొర్యో బలహీనపడింది, బట్టీలు చెదిరాయి, ఆ ఆకుపచ్చ కూడా వెలిసిపోయింది. 1392లో జోసన్ వంశం వచ్చింది. చెదిరిన పనివాళ్ళ చేతుల్లో ఉన్నది ఇనుము ఎక్కువున్న బూడిద రంగు మట్టి. దాన్ని దాచడానికి తెల్ల మట్టి నీళ్ళు పూశారు, మనం మట్టి గోడకు సున్నం కొట్టినట్టు. అలా పుట్టింది బున్‌చోంగ్. ఆ పేరు కూడా 1930లలో కో యు-సోప్ అనే కళాచరిత్రకారుడు పెట్టిందే.

నన్నడిగితే సెలడాన్ కంటే నాకు బున్‌చోంగే ఇష్టం. సెలడాన్ దగ్గర నేను చేతులు కట్టుకుని నిలబడతాను. బున్‌చోంగ్ దగ్గర నవ్వొస్తుంది. కొన్నింటిని తెల్ల మట్టి నీళ్ళలో పట్టుకుని ముంచి తీశారు, వేళ్ళు పట్టిన చోట పూత అంటలేదు, అలాగే వదిలేశారు. కొన్నింటి మీద గరుకు కుంచెతో ఒక్క చుట్టు తిప్పారు, ఆ కుంచె ఎంత వేగంగా తిరిగిందో ఈనాటికీ కనిపిస్తుంది. గ్యేర్యోంగ్ కొండ దగ్గర బట్టీల్లోనైతే ఇనప రంగుతో చేపలు గీశారు. ఆ చేపలు మన రెండో తరగతి పిల్లలు గీసినట్టు ఉంటాయి, కానీ ఈదుతుంటాయి. ఇంకో తమాషా. కొన్ని గిన్నెల మీద ప్రభుత్వ కార్యాలయాల పేర్లు ఉంటాయి. సర్కారు గిన్నెలు మాయమవుతున్నాయని, ఏ కార్యాలయానిది ఆ పేరు వేయాలని 1417లో ఉత్తర్వు వేశారు. మన అమ్మలు స్టీలు గిన్నెల మీద పేర్లు కొట్టించడం దేనికో అందుకే.

తెల్ల పింగాణీ కథ వేరు. దాన్ని బేక్‌జా అంటారు. జోసన్ రాజులు కన్ఫ్యూషియస్ బోధనలు పాటించేవారు, ఆడంబరం వద్దన్నారు. కొరియా లిపిని తయారుచేయించిన సేజోంగ్ రాజుకు తెల్ల పాత్రలే వాడేవారట. సియోల్ దగ్గరి గ్వాంగ్జులో రాజుగారి బట్టీలు నడిచాయి. కట్టెల కోసం పదేళ్ళకోసారి చోటు మారేవి, 1752లో ఒక చోట కుదురుకున్నాయి. సెలడాన్‌కు ప్రాణమైన ఇనుము ఇక్కడ శత్రువు. మట్టిలో ఇనప రేణువు ఒక్కటి మిగిలినా తెల్లటి ఒంటి మీద పుట్టుమచ్చలా తేలుతుంది. నీలం రంగు కోబాల్టు బయటి దేశాల నుంచి రావాలి, ఖరీదు. అది దొరకని 17వ శతాబ్దంలో అదే ఇనుముతో గోధుమ రంగు డ్రాగన్లు గీసుకున్నారు.

ఈ తెల్లవాటిలో చందమామ జాడీ అని ఒకటుంది. వాళ్ళ భాషలో దల్ హాంగారి. 17వ శతాబ్దం చివరి నుంచి 18వ శతాబ్దం దాకా చేసినవి. మూరెడు ఎత్తు, అంతే వెడల్పు, మీద బొమ్మా గీతా ఏమీ ఉండదు. 2018 శీతాకాల ఒలింపిక్స్‌లో జ్యోతి వెలిగించిన పాత్ర మీలో కొందరు టీవీలో చూసే ఉంటారు, అది దీని ఆకారమే.

మ్యూజియంలో దీని ముందు నేను చేసిన అప్రాచ్యపు పని చెప్పాలి. చూడగానే నడుము దగ్గర అతుకు నా కంట పడింది. అంత పెద్ద బంతిని పచ్చి మట్టితో ఒకేసారి సారె మీద లేపితే కూలిపోతుంది. అందుకని రెండు పెద్ద గిన్నెలు చేసి, కాస్త ఆరనిచ్చి, ఒకదాని మీద ఒకటి బోర్లించి మట్టి నీళ్ళతో అతుకుతారు. బట్టీ వేడికి అది కొద్దిగా ఒక పక్కకు జారుతుంది. అందుకే ఏ జాడీ కూడా సరిగ్గా గుండ్రంగా ఉండదు. "పైదీ కిందదీ సమంగా కలవలేదు, నేనైతే దీన్ని వెనక్కి పంపేవాణ్ణి" అన్నాను పక్కాయనతో, తెలివిగా మాట్లాడాననుకుంటూ. ఆయన ఏమీ అనలేదు. "ఇటొచ్చి చూడు" అని నన్ను చుట్టూ తిప్పాడు. నడుస్తుంటే అంచు మారుతూ వచ్చింది. ఒక వైపు నుంచి పున్నమి, రెండడుగులు వేస్తే పున్నమికి ముందు రోజు. సరిగ్గా గుండ్రంగా ఉండి ఉంటే ఎటునుంచి చూసినా ఒకటే. నేను నోరు మూసుకున్నాను.

జపాన్‌లోని తోదాయ్‌జీ ఆలయంలో ఇలాంటి జాడీ ఒకటి ఉండేది. 1995లో ఒక దొంగ దాన్ని ఎత్తుకుపోబోయి, దొరికిపోయేలా ఉన్నానని నేలకేసి కొట్టి పారిపోయాడు. ఆ వందల ముక్కలూ, పొడితో సహా ఏరి, అతికి, ఒసాకా మ్యూజియంలో నిలబెట్టారు. తప్పులు పట్టే నా ఉద్యోగం కంటే ఆ ఉద్యోగం గొప్పదని నా అభిప్రాయం.

జపాన్ మాట వచ్చింది కాబట్టి అది కూడా చెప్పాలి. 1592 నుంచి 1598 దాకా జపాన్ సైన్యాలు కొరియా మీద పడ్డాయి. పోతూ పోతూ కుమ్మరులను పట్టుకుపోయారు. ఒకరిద్దర్ని కాదు, బట్టీలకు బట్టీలనే. బున్‌చోంగ్ ఆ దెబ్బతో ఆగిపోయింది. అలా వెళ్ళిన ఈ సామ్-ప్యోంగ్ అనే ఆయన అరితా అనే ఊళ్ళో పింగాణీ రాయి కనిపెట్టి, 1616 ప్రాంతంలో జపాన్ తొలి పింగాణీ కాల్చాడని చెబుతారు. ఆ ఊరు ఆయనకు స్మారకం కట్టుకుంది. కొన్ని దశాబ్దాలకే డచ్చి వర్తకులు అరితా సరుకును యూరప్ రాజులకు అమ్మారు. కగోషిమా వైపు పట్టుకెళ్ళిన వాళ్ళలో షిమ్ ఇంటివారు ఇప్పటికీ అదే ఇంటిపేరుతో, 15వ తరంగా, అదే పని చేస్తున్నారు. క్యోటోలో ఒక ఆలయంలో కిజాయెమోన్ అనే టీ గిన్నె ఉంది, జపాన్ జాతీయ సంపద. వంకర, పగులు, అడుగున పూత ముద్దకట్టి ఉంటుంది. అది కొరియాలో పేరు తెలియని కుమ్మరి ఎవరో చేసిన మామూలు గిన్నె. చేసినవాడికి ఆ రోజు కూలి ఎంత గిట్టిందో గానీ, దాన్ని ఇప్పుడు పట్టు గుడ్డల్లో చుట్టి దాస్తారు.

ఇక నా సొంత ఊరు లాంటి ఉల్సాన్‌కు వస్తాను. ఊరి దక్షిణాన వేగోసాన్ అనే పల్లె ఉంది. 1950ల చివర ఒంగి కుమ్మరులు వచ్చి స్థిరపడ్డ పల్లె. ఒంగి అంటే ముదురు గోధుమ రంగు జాడీలు. సెలడాన్ రాజులది, తెల్లది దొరలది, ఒంగి అందరిదీ. ప్రతి ఇంటి పెరట్లోనూ ఎండ తగిలే గట్టు మీద ఇవి వరసగా ఉండేవి. సోయా పులుసు, సోయా ముద్ద, కారం ముద్ద, కిమ్చీ అన్నీ వీటిలోనే. మన ఆవకాయ జాడీలకు చెల్లెళ్ళనుకోండి. తేడా ఒకటుంది. మన పింగాణీ జాడీ ఊపిరి తీసుకోదు, ఒంగి తీసుకుంటుంది. మట్టిలో సన్నని ఇసక రేణువులుంటాయి. కాలిన తర్వాత కంటికి కనపడని కన్నాలు మిగులుతాయి. నీళ్ళు కారవు, గాలి మాత్రం ఆడుతుంది. లోపల పులియడానికి అది సాయం. ఒక్కోసారి జాడీ బయట ఉప్పు తెల్లగా పొడుచుకొస్తుంది, ఇంటివాళ్ళు తడిగుడ్డతో తుడుస్తారు. నేను ఎక్స్‌రేలో వెతికి వెతికి కొట్టిపారేసిన పోరాసిటీ ఇదే. ఇక్కడ అది లేకపోతే జాడీ పనికిరాదు.

దక్షిణాది జాడీకి పొట్ట పెద్దది, మూతి చిన్నది. అక్కడ ఎండ ఎక్కువ, నీరు ఆవిరి కాకూడదు. ఉత్తరాన ఎండ తక్కువ, అందుకని మూతి వెడల్పు, ఒళ్ళు సన్నం. 19వ శతాబ్దంలో క్రైస్తవులను వేధించిన రోజుల్లో చాలామంది కొండల్లోకి పారిపోయి ఈ పని చేసుకుని బతికారు. జాడీలు భుజాన వేసుకుని ఊరూరా తిరిగితే ఎవరూ అనుమానించరు, ఒకరి కబురు ఒకరికి అందుతుంది. కొరియా తొలి కార్డినల్ కిమ్ సూ-హ్వాన్ తండ్రి కూడా ఒంగి అమ్మినవారే.

1970లలో ఒంగికి గడ్డుకాలం వచ్చింది. అపార్టుమెంట్లు వచ్చాయి, పెరళ్ళు పోయాయి, ప్లాస్టిక్ వచ్చింది. కొందరు కట్టెలు ఆదా చేద్దామని సీసం కలిపిన మెరిసే పూత వేసి తక్కువ వేడిలో కాల్చారు. సంగతి బయటపడేసరికి మంచి జాడీలు చేసేవాళ్ళను కూడా జనం నమ్మలేదు. 1990లలో కిమ్చీ కోసమే ప్రత్యేకంగా చేసిన ఫ్రిజ్ బాగా వాడకంలోకి వచ్చింది. అదే సమయంలో, 1990లో, ప్రభుత్వం ఒంగి పనిని జాతీయ వారసత్వంగా గుర్తించింది. 2013లో కిమ్చీ పెట్టుకునే ఆచారానికి, 2024లో సోయా ముద్ద, పులుసు తయారీకి యునెస్కో గుర్తింపు వచ్చింది. కుమ్మరి పల్లెల్లో బట్టీలు మాత్రం కొన్నే మిగిలాయి.

వేగోసాన్‌కు నేను మొదటిసారి వెళ్ళినప్పుడు లోపల అడుగుపెట్టక ముందే ఒక చప్పుడు వినిపించింది. టప్ టప్ టప్. లోపల చేత్తో గుండ్రటి చెక్క ఆనించి, బయట నుంచి బల్లచెక్కతో కొడుతున్నారు. ఆ చప్పుడు నాకు తెలుసు. బడికి అడ్డదారిలో వస్తే కుమ్మరి వీధిలో రోజూ వినేదాన్ని. తర్వాత చాలాసార్లు వెళ్ళాను. 2016లో ఒకరోజు అక్కడి నుంచే నా మిత్రుడికి వీడియో కాల్ చేశాను. వాడు పదో తరగతితో చదువు ఆపేశాడు. ఇప్పుడు కరెంటు సారె పెట్టుకుని ప్రమిదలూ, హోటళ్ళకు బిర్యానీ కుండలూ చేస్తున్నాడు.

ఫోను ఆ ముసలాయన చేతుల వైపు తిప్పి పట్టుకున్నాను. పది నిమిషాలు వాడు ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత "వీళ్ళు అడుగు ముందు వేసుకుంటున్నార్రా" అన్నాడు. నిజమే. వాళ్ళు సారె మీద మట్టి రొట్టెను కొట్టి అడుగు చేసి, దాని మీద లావుపాటి మట్టి తాడు చుట్టి గోడ లేపుతారు. "మేం గోడ లేపి కోసేసి, అడుగు చివర్న కొట్టి మూస్తాం" అన్నాడు. ఎందుకురా అనడిగాను, అదే 'ఎందుకు'. ఈసారి వాడు తల దించుకోలేదు. "వాళ్ళది గట్టు మీద కూర్చునే జాడీ, అడుగు బల్లపరుపుగా ఉండాలి. మాది పొయ్యెక్కే కుండ. మూల ఉంటే మంటకు అక్కడే పగులుతుంది" అన్నాడు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో ఒక సెమిస్టరంతా మాకు చెప్పింది ఇదే. మూలల దగ్గర ఒత్తిడి పేరుకుంటుంది, పగులు అక్కడే మొదలవుతుంది.

అప్పుడు ధైర్యం చేసి 1984 సంగతి ఎత్తాను. ఇనుము, ఆక్సిజన్, ఆకుపచ్చ, అంతా వివరించి చెప్పాను. జవాబు ఇన్నాళ్ళకు తెచ్చానన్నాను. వాడు కాసేపు ఊరుకుని, "మా నాయన చెప్పేవాడురా. గాలి ఆపేస్తే మంటకు ఆకలేసి మట్టిలో ఉన్నది తింటుందని. ఆయనగారి ముందు ఆ మాటంటే ఇంకా నవ్వుతారని చెప్పలేదు" అన్నాడు.

బెల్లు మోగింది. మాస్టారూ, ఒక్క నిమిషం.

వేగోసాన్ నుంచి చిన్న ఒంగి ఒకటి తెచ్చాను. ఇప్పుడు మీ చేతుల్లోకి పంపుతున్నాను. మూత తీసి లోపల చూడండి, వేలి గోటితో ఒకసారి తట్టి వినండి. ఒంటి మీద వంకర గీతలున్నాయి చూశారూ, పూత తడిగా ఉండగానే వేళ్ళతో ఒక్క ఊపులో గీసినవి. రెండు చేతులతో పట్టుకోండి, పిల్లలకు ఇవ్వకండి. మొదటి రెండు వరుసలు తొందరగా కానివ్వండి. మూడో వరుస చివర తెల్ల చొక్కాలో ఒకాయన కూర్చున్నాడు, ఆయన దగ్గర కాసేపు ఉండనివ్వండి. ఆయన అడుగు తిప్పి చూస్తాడు.